గిన్నె సంగతి గిన్నె తోమేవాళ్ళని అడగండి

ఇవాళ పొద్దున మా సవ్తా, అంటే నేను చూసుకునే యూదు ముసలావిడ, జావ తాగలేదు. పాలు బాగున్నాయి, రవ్వ బాగుంది, జావ చక్కగా చిక్కబడింది. అయినా గిన్నెడు జావ సింకులో పోసేశారు. తొంభై ఏళ్ళ మనిషి, పొద్దున్నే ఏదో ఒకటి తిని మాత్రలు వేసుకోవాలి, ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చుండిపోయింది. అప్పటి నుంచి నా కోపం తగ్గలేదు. ఇప్పుడు షబ్బత్ మొదలైంది, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా యూదులు పని చేయని, కరెంటు వస్తువులు ముట్టుకోని విశ్రాంతి రోజు. ఇల్లంతా సద్దుమణిగింది. నా గదిలో నేను ఫోన్ వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. నేను ఇజ్రాయెల్‌లో రమత్ గాన్‌లో కేర్ గివర్‌ని. సవ్తా అంటే ఇక్కడ నాయనమ్మ, అమ్మమ్మ. నేను చూసుకునే సవ్తా బగ్దాదులో పుట్టింది. 1950, 51ల్లో ఇరాక్ యూదులు లక్షమందికి పైగా విమానాల్లో ఇక్కడికి వచ్చేశారే, అప్పుడు అమ్మానాన్నలతో వచ్చిన పిల్ల. ఆమె పెద్ద కోడలిది పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరూ ఆచారం గట్టిగా పాటించేవాళ్ళే. కానీ ఇద్దరి ఆచారం ఒకటి కాదు. ఆ తేడా మధ్యలో నలిగేది నేను.

జరిగింది ఇది. కోడలి కొడుకు, కాలేజీకి కూడా రాని వయసు, ఆకలేసి వంటింట్లోకి వచ్చాడు. చేతికందిన డ్రాయర్ లాగి గరిటె తీసి, ఉడుకుతున్న జావ కలిపి రుచి చూశాడు. మాంసం, పాలు కలపకూడదని వీళ్ళ మత నియమం, గిన్నెలు, గరిటెలు కూడా దేనికవే వేరు. అది ఎర్ర టేపు గరిటె, మాంసానిది. జావేమో పాలది, నీలం టేపు గిన్నె. నేను "అది కాదు నాన్నా" అనేలోపే పని అయిపోయింది. వాళ్ళమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. గరిటె ఎవరి చేతిలో ఉందో కూడా చూడలేదు. నావైపు తిరిగి "వంటిల్లంతా ట్రేఫ్ చేశావు" అని అరిచింది. ట్రేఫ్ అంటే తినడానికి పనికిరాకుండా పోయిందని. గిన్నె ఎత్తి ఒంపేసింది. ఆ తర్వాత, అంతా ఒంపేసిన తర్వాత, రావ్‌కి, అంటే వాళ్ళ మతగురువుకి, ఫోన్ చేసింది.

రావ్ గారు అడిగిన మొదటి ప్రశ్న: ఆ గరిటెతో వేడి మాంసం చివరిసారి ఎప్పుడు కలిపారు? కోడలు భర్తవైపు చూసింది. భర్త డ్రాయర్ వైపు చూశాడు. ఒక్కరూ నావైపు చూడలేదు. నేనే హీబ్రూలో చెప్పాను, బుధవారం మధ్యాహ్నం, కోడి సూప్ అని. సవ్తా అక్కడి నుంచే తల ఊపి "అవును, బుధవారం" అంది. ఇవాళ శుక్రవారం. ఇరవై నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోయాయి. అయితే ఆ జావ నిక్షేపంగా తాగొచ్చు, గరిటె మాత్రం మరిగే నీళ్ళలో ముంచి తీయండి అన్నారు ఆయన. జావ అప్పటికే సింకులో ఉంది. నాకు సారీ చెప్పలేదు, సరే. సవ్తాకి కూడా చెప్పలేదు.

మనవాళ్ళు చాలామంది "అబ్బా, ఏం చాదస్తం వాళ్ళది" అంటారు. చాదస్తం కాదు. వాళ్ళ మత చట్టం అడిగేది చాలా సూటిగా అడుగుతుంది. వేడిగా ఉందా, చల్లగా ఉందా? చెయ్యి పెడితే వెనక్కి లాక్కునేంత వేడి ఉంటేనే రుచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దిగుతుంది. ఆ పాత్ర వాడి ఒక రోజు దాటిందా? దాటితే అందులో ఇంకిన రుచి పాడైనట్టు లెక్క. ఎంత పడింది, ఎంతలో పడింది? మాంసం కూరలో పొరపాటున పాలచుక్క పడితే, కూర దానికి అరవై రెట్లు ఉంటే ఆ చుక్క లేనట్టే. పాత్ర దేంతో చేశారు? ఇనుము, స్టీలు అయితే మరిగే నీళ్ళతో బాగుచేసుకోవచ్చు, మట్టి అయితే కుదరదు. గాజు అయితే మా సవ్తా వాళ్ళ పద్ధతిలో అసలు రుచి పీల్చుకోదు, కడిగితే చాలు. కోడలి పద్ధతిలో గాజుకి అంత వెసులుబాటు లేదు. అందుకే ఈ ఇంట్లో గాజు గ్లాసుల మీద జరిగినంత గొడవ ఆస్తి మీద కూడా జరగలేదు.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఎవరి దగ్గర ఉంటుంది? రావ్ గారి దగ్గర చట్టం ఉంది. ఏ గిన్నె ఎప్పుడు పొయ్యెక్కిందో, ఏ గరిటె ఎప్పుడు దేంట్లో పెట్టారో ఆయనకు ఎలా తెలుస్తుంది? వారానికి ఒకసారి వచ్చే కోడలికి ఎలా తెలుస్తుంది? పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఆ వంటింట్లో ఉండేది నేను. తోమేది నేను. ఆరబెట్టి ఏ డ్రాయర్లో ఏది పెట్టాలో చూసుకునేది నేను. నన్ను అడగకుండా మతగురువుకి ఫోన్ చేసి ఏం చెబుతారు?

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు సవ్తానే చెప్పింది. చనిపోయిన భర్త పుస్తకాలు భూతద్దం పెట్టుకుని చదువుతుంది. యూదుల పాత ధర్మగ్రంథం తల్మూద్‌లో హుల్లిన్ అనే భాగం ఉంది. గిన్నెలో రుచి దిగిందో లేదో తెలియకపోతే యూదుడు కాని వంటవాడికి రుచి చూపించి అతని మాట తీసుకోమని అందులో ఉంది. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ అరూఖ్‌లో యోసెఫ్ కారో కూడా ఆ మాట ఉంచారు. ఇప్పుడు ఇళ్ళల్లో నడిచే పద్ధతికి అదే పునాది పుస్తకం. పోలండ్‌లో క్రాకోవ్‌లో ఉన్న పండితుడు మోషె ఇస్సెర్లెస్ మాత్రం, మన దగ్గర ఇప్పుడు అలా నమ్మే అలవాటు లేదు, అరవై రెట్లే చూసుకోవాలి అని పక్కన రాశారు. సరే, అలవాటు పోయింది. కానీ పరాయి మతం వంటవాడి నాలుకకి విలువ ఇచ్చిన చట్టం అది. అలాంటి చట్టం పేరు చెప్పి, వంటింట్లో నిలబడ్డ మనిషిని గోడలాగా చూస్తారా?

నాకు ఈ పని ఇప్పించిన ఏజెంటు లక్షల్లో డబ్బు తీసుకున్నాడు. మా అమ్మ గాజులు అందులోనే పోయాయి. ట్రైనింగ్ అని కూర్చోబెట్టి మంచం మీంచి మనిషిని ఎలా లేపాలో, బీపీ ఎలా చూడాలో, డైపర్ ఎలా మార్చాలో నేర్పారు. వంటింట్లో రెండు సింకులు ఎందుకుంటాయో ఒక్క ముక్క చెప్పలేదు. ఇక్కడి ఆఫీసు వాళ్ళూ చెప్పలేదు. గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి ఇంతమంది ఆడపిల్లలు వస్తున్నారు. ప్రతి పిల్లా మొదటి వారం ఏదో ఒక చెంచా దగ్గర ఏడుస్తుంది. తెలుగులో ఒక్క కాగితం, ఒక్కటంటే ఒక్కటి, రాసివ్వడానికి ఎవరికీ తీరిక లేదు. డబ్బు లెక్కపెట్టుకోవడానికి మాత్రం తీరిక ఉంది.

వంట సంగతి చూడండి. పచ్చిగా తినని పదార్థం, పెద్దల విందులో పెట్టదగ్గది, యూదులు కానివాళ్ళు పూర్తిగా తామే వండితే యూదులు తినకూడదు. అన్నం, గుడ్లు, మాంసం అన్నీ ఇందులోకి వస్తాయి. పోలండ్ పద్ధతిలో యూదులు స్టవ్ వెలిగిస్తే చాలు, తర్వాత మనం వండొచ్చు. బ్నే బ్రాక్ అనే ఊళ్ళో ఉన్న నా ఫ్రెండ్ వాళ్ళింట్లో అలాగే, పొద్దున్నే ఇంటావిడ మంట వెలిగించి వెళ్ళిపోతుంది. మా సవ్తా పద్ధతిలో అది చాలదు, గిన్నె మంట మీద పెట్టేది కూడా వాళ్ళే అయి ఉండాలి. అందుకని నేను బియ్యం కడిగి, ఉల్లిపాయలు తరిగి, అన్నీ సిద్ధం చేసి పిలుస్తాను. ఆమె వాకర్ పట్టుకుని వస్తుంది. చెయ్యి వణుకుతుంది, నేను కింద చెయ్యి పెడతాను, గిన్నె ఆమె పెడుతుంది. ఇవాళ జావ గిన్నె కూడా అలా పెట్టిందే. అంత కష్టపడి పెట్టిన గిన్నెని ఒక్క నిమిషంలో ఒంపేశారు. నా మంట అందుకే.

షబ్బత్ నాడు ఇంకో రకం. వేసవిలో ఏసీ ఆగిపోతే నా గది గుమ్మంలో నిలబడి "ఇవాళ ఎంత ఉక్కగా ఉందో" అంటారు. నేను అర్థం చేసుకుని వెళ్ళి వేయాలి. ఆరోజు యూదులు కానివాళ్ళకు పని పురమాయించకూడదని నియమం, అది నాకు తెలుసు. కానీ ఒంట్లో బాగాలేని మనిషి కోసం అయితే నేరుగా అడగొచ్చని కూడా అదే చట్టంలో ఉంది. తొంభై ఏళ్ళ మనిషి చెమటతో తడిసిపోతుంటే నాకు పొడుపు కథలు ఎందుకు? నోరు తెరిచి "అమ్మా, ఆమె కోసం ఏసీ వెయ్యి" అనండి.

మన ఊళ్ళల్లో ఒక పుకారు ఉంది, శనివారం మనిషి చస్తున్నా వీళ్ళు ఫోన్ ముట్టుకోరని. శుద్ధ అబద్ధం. ఒక శనివారం సవ్తాకి ఊపిరి ఆడకపోతే ఆమె కొడుకే, నన్ను పిలవకుండా, తనే 101కి ఫోన్ చేశాడు, తనే వెంట వెళ్ళాడు. ప్రాణం మీదికి వస్తే షబ్బత్ పక్కన పెట్టాలి, అదీ యూదుడే స్వయంగా చేయాలి, వేరేవాళ్ళ కోసం చూస్తూ కూర్చోకూడదు. ఆరోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ప్రాణానికి అంత చోటిచ్చిన చట్టంలో ముసలావిడ జావ కోసం రెండు నిమిషాలు ఆగి ఫోన్ చేసే చోటు ఉండదా? ఉంది. ఆగలేదు, అంతే.

ఇప్పుడు నా గుండెలో గుచ్చుకున్నది చెబుతా. వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం రాత్రి, బల్ల నిండా చుట్టాలు. భోజనాలయ్యాక బల్ల సర్దుతూ మూత తీసిన ద్రాక్షసారా సీసా ఎత్తాను. ఒక బంధువు నా చేతిలోంచి లాక్కుని అందరి ముందూ సింకులో ఒంపేశాడు. మరగబెట్టని ద్రాక్షసారా యూదులు కానివాళ్ళు ముట్టుకుంటే తాగకూడదని వాళ్ళ నియమం. విగ్రహాలకు ధారపోసే కాలం నాటి భయం అది. మరగబెట్టిన ద్రాక్షసారాకి ఆ నియమం లేదు. సీసా మీదే రాసి ఉంటుంది, అన్ని దుకాణాల్లో దొరుకుతుంది. మరుసటి వారం నుంచి సవ్తా ఆ రకమే తెప్పించింది. ఒక్క మాట మాట్లాడలేదు, సీసా నా చేతికే ఇచ్చి పోయమంది. చట్టంలో దారి ఉంది, ఆమె వెతికింది, ఆ బంధువు వెతకలేదు. అయినా ఆ నియమాన్ని నేను వెనకేసుకు రాను. చెయ్యి తగిలితే పారబోయడం ఎక్కడ చూసినా నాకు కడుపులో తిప్పుతుంది.

ఎందుకంటే నేను దాన్ని చిన్నప్పుడే చూశాను. మా ఊరి టీ కొట్లో మా నాన్నకు వేరే గ్లాసు. తాగి, తనే కడిగి, బయట చూరుకింద పెట్టి రావాలి. ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, పోయిన వారం మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి "చూశావా అమ్మా, అక్కడ కూడా మడే కదా, మరి మమ్మల్నే ఎందుకు ఆడిపోసుకుంటారు" అన్నాడు. పెద్దాయన కదా అని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా. సవ్తా నేను తరిగిన కూర తింటుంది, నేను కలిపిన ముద్ద తింటుంది, నా పక్కన కూర్చుని తింటుంది. ఇక్కడ తగువు మంట ఎవరు వెలిగించారని, గరిటె ఏ డ్రాయర్‌దని. గిన్నె చెడితే మరగబెట్టి బాగుచేసుకుంటారు. అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు, ఆయన అవునో కాదో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. మా నాన్న గ్లాసు గురించి ఎవరిని అడగాలి? ఏ నీళ్ళతో మరగబెడితే ఆ గ్లాసు లోపలికి వచ్చేది? కారంచేడులో 1985లో మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడగొద్దన్న పాపానికి ఆరుగురిని చంపారు. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకండి పెద్దాయనా.

పండగ సంగతి కూడా చెప్పి ఆపేస్తా, ఇది కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. పెసహ్ అనే యూదుల పండగ ఏడు రోజులు పులిసిన ధాన్యం ఇంట్లో ఉండకూడదు. పోయిన పెసహ్‌కి కోడలు ఫ్రిజ్‌లో నా ఇడ్లీ పిండి చూసి, పులిసింది కదా అని పారేసింది. తప్పు. ఆ నిషేధం గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి అయిదు ధాన్యాలకే. బియ్యం, మినపప్పు ఎంత పులిసినా అందులోకి రావు. పోలండ్ వాళ్ళు ఆ వారం బియ్యం, పప్పులు తినరు, అది వాళ్ళ ఆచారం, కానీ ఇంట్లో ఉంటే తప్పు లేదు. ఇరాక్ వాళ్ళయితే బియ్యం మూడుసార్లు ఏరి మరీ తింటారు. ఆ ఏరడం ఏదో మా సవ్తా నాకే అప్పగిస్తుంది, చేటలో చెరిగి ఏరడం చిన్నప్పటి నుంచి చేసిన పని. నిజంగా తీసేయాల్సింది ఇంగువ డబ్బా, ఎందుకంటే చాలా రకాల్లో గోధుమపిండి కలుపుతారు. దాన్ని నేనే తీసేశాను. కోడలికి ఆ డబ్బా కనబడలేదు, పిండి కనబడింది.

కాబట్టి కొత్తగా వచ్చే చెల్లెళ్ళూ, మొదటిరోజే కూర్చోబెట్టి అడగండి. మంట వెలిగిస్తే చాలా, గిన్నె కూడా మీరే పెట్టాలా? గాజు సంగతేంటి? ద్రాక్షసారా ఏ రకం తెస్తారు? పెసహ్‌లో నా తిండి ఎక్కడ పెట్టుకోవాలి? టేపు మూడు రంగులు మీరే కొని అతికించండి, మాంసానికి ఎరుపు, పాలకు నీలం, రెండూ కానిదానికి ఆకుపచ్చ. ఏ గిన్నె ఎప్పుడు వేడి మీద వాడారో ఫ్రిజ్ మీద కాగితం అంటించి రోజూ రాయండి. నేను ఈ వచ్చే ఆదివారం నుంచి రాయబోతున్నా, హీబ్రూలో, పెద్ద అక్షరాల్లో. రావ్‌కి ఫోన్ చేసేటప్పుడు నన్ను అడగడం ఇష్టం లేకపోతే ఆ కాగితం చదువుకోమని కోడలికి చెప్పబోతున్నా. ఫోన్ చేశాకే సింకు దగ్గరికి వెళ్ళమని కూడా.