టర్బోఛార్జర్ గారికి ఒక విన్నపం

ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే మహారాజశ్రీ టర్బోఛార్జర్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలం తమరి ఒక్కరిదే అయింది. నా క్లచ్ ప్లేటుకు ఆ భాగ్యం లేదు.

నిన్న మధ్యాహ్నం లద్దాఖ్‌లో సౌత్ పుల్లూ చెక్‌పోస్టు దాటాక, ఖార్దుంగ్ లా కనుమకు దిగువ మలుపులో సైనిక లారీల వరుసకు దారి ఇచ్చి ఆగాను. మళ్లీ కదలాలంటే మొదటి గేరులో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ మూలిగింది తప్ప లాగలేదు. క్లచ్ కాలిన వాసన బండంతా నిండింది.

తమరి వంశ ప్రతిష్ఠ తెలియనివాణ్ణి కాను. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద, సుమారు 14,000 అడుగుల ఎత్తున, లిబర్టీ విమాన ఇంజన్ శక్తి తగ్గకుండా నిలబెట్టింది తమరి పూర్వీకుడితోనే. 5,359 మీటర్ల కనుమ మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగమేనని కూడా తెలుసు. అందుకే కదా తమర్ని పెట్టుకున్నది!

తమరు గాలి నెట్టాలంటే ఇంజన్ వదిలే వేడి వాయువు బలంగా రావాలి. అది రావాలంటే డీజిల్ ఎక్కువ మండాలి. గాలి చాలకపోతే నల్లపొగ వస్తుందని తమరి పైఅధికారి, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీయూ గారు డీజిల్ ఇవ్వరు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. పలుచటి గాలిలో అదే పీడనం కోసం తమరి చక్రం ఇంకా వేగంగా తిరగాలని, హద్దు మీరితే పగులుతుందని భయపడి ఇంజన్ పైవేగంలో ఆయన డీజిల్‌కు కోత పెట్టడం న్యాయమే. కానీ ఆగిన బండికి ఆ ప్రమాదం ఎక్కడిది? ఎంత ఎత్తులో ఉన్నామో పీడన సెన్సరు చెబుతూనే ఉన్నప్పుడు, బండి ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం (ఐడిల్) కాస్త పెంచి, వేడి వాయువును చక్రం మీదికి మళ్లించే తమరి రెక్కలు దగ్గరకు మూసి, క్లచ్ వదలక ముందే తమర్ని తిప్పి ఉంచితే ఎవరి సొమ్ము పోతుంది? చివరకు అదే సగం గాలి పీలుస్తూ మా బావమరిది దిగి తోస్తే బండి కదిలింది.

మసి పట్టి తమరి రెక్కలు బిగుసుకుపోవడం, శుభ్రం చేయమంటే మెకానిక్ మొత్తం మార్చాలనడం వేరే ఉత్తరంలో రాస్తాను.

మర్యాద ఇక చాలు. ఎక్స్‌ప్రెస్ వేలో ఈల వేసుకుంటూ లాగడానికి నువ్వెందుకయ్యా? కనుమ అవతలి నుబ్రా లోయ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఈ కనుమే ఎక్కాలి. ఈసారి తోయడానికి మా బావమరిది రానన్నాడు.

ఇట్లు,
క్లచ్ ప్లేటు ఖర్చు భరించబోయే నీ యజమాని