ముత్యాల దండ గారికి, హనుమకొండ నుంచి

మహారాజశ్రీ ముత్యాల దండ గారి సముఖానికి,

మూడో అంతస్తు బాల్కనీ నుంచి తమరి సేవకురాలు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చేయి రావడం లేదు. ఇటువైపు కుశలమే. అటువైపు సంగతి తమరికే తెలియాలి, తమరేమో నోరు విప్పరు. అందుకే ఈ ఉత్తరం.

నర్సరీలో తమరి మొదటి అవతారాన్ని చూసిన రోజు ఇంకా గుర్తుంది. 2023 ఎండాకాలం. గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతున్నారు. కుండీ అంచు మీదుగా మూరెడు పొడవున జారిన పది పన్నెండు తీగలు, ఒక్కో తీగకు పచ్చి బఠానీలంత గుండ్రటి ఆకులు, ఎవరో కూర్చుని దారానికి గుచ్చినట్టు. "స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ మేడమ్, దీన్ని పట్టించుకోవాల్సిన పనే లేదు" అన్నాడు నర్సరీ అబ్బాయి. 350 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాను. రసం నిండిన తీగ మొక్క, పైగా పట్టించుకోనక్కర్లేదు. ఇక నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. నల్లేరు కూడా రసం నిండిన తీగేనని, బండి చక్రం మీద నుంచి పోయినా బతికేది అదేనని, తమరు కాదని అప్పటికి తట్టలేదు.

ఇంటికి వచ్చిన తమరికి జరిగిన మర్యాదల గురించి మరెవరూ తమరికి చెప్పి ఉండరు కాబట్టి చెబుతున్నాను. మా అత్తమ్మది నర్సంపేట దగ్గర పల్లె. గడప దాటి ఎవరు లోపలికి వచ్చినా ముందు చెంబెడు నీళ్లు ఇవ్వనిదే ఆమెకు మాట పెగలదు. తమరికీ చెంబెడు ఇచ్చింది. మర్నాడు మరో చెంబు. మూడోనాడు బియ్యం కడిగిన నీళ్లు, బలానికి. నర్సరీ మట్టి మరీ పొడిపొడిగా, పేదగా ఉందని వాళ్ల తమ్ముడి చేత పత్తి చేలోంచి సంచెడు నల్లరేగడి తెప్పించింది. నేనేం తక్కువ తిన్నానా? గృహప్రవేశానికి ఎవరో ఇస్తే దాచిపెట్టిన పింగాణీ గిన్నె తీశాను. తెల్లటిది, అంచున బంగారు గీత. అడుగున రంధ్రం లేదు. అందంగా ఉన్నదానికి రంధ్రం ఎందుకు పొడుస్తామని అనుకున్నాను.

నల్లరేగడి సంగతి పత్తి రైతునడిగితే చెబుతాడు. తాగిన నీటిని ఒక పట్టాన వదలదు. పత్తికి అది వరం. తమరికి గొంతు దాకా బురదలో నిలబెట్టే శిక్ష. రెండు వారాలు తిరక్కుండా ముత్యాల మీద ముడుతలు వచ్చాయి. ముడుతలంటే దాహమే కదా అని నేను కూడా పోశాను. పోసిన కొద్దీ ముడుతలు పెరిగాయి. పెరిగిన కొద్దీ పోశాను. ఒక ఉదయం తీగ పట్టుకుని కొంచెం పైకి లాగితే, పట్టుకున్నవాళ్లు ఎవరూ లేనట్టు, మట్టిలోంచి అలా వచ్చేసింది. వేళ్లున్న చోట గోధుమరంగు పీచు. ఒక ముత్యాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కాను. ఉడికిన బఠానీ తొక్క జారినట్టు పైపొర ఊడి, లోపలిదంతా చల్లటి నీళ్లయి మణికట్టు దాకా కారింది. మురిగిన తమలపాకు వాసన.

ఒక్క మాట చెప్పకూడదా నువ్వు? మా తులసికి దాహమైతే తల వాలుస్తుంది. చెంబెడు పోస్తే అరగంటలో లేచి నిలబడుతుంది. దానితో సంసారం చేయడం తేలిక. నీకు నీళ్లు చాలకపోతే ముడుతలు. నీళ్లెక్కువై వేళ్లు కుళ్లితే, కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు కాబట్టి అప్పుడూ ముడుతలే. ఆకలేసినా ఏడ్చి, అజీర్తి చేసినా అదే రాగంలో ఏడ్చే పసిపిల్ల విషయంలోనైనా తల్లి కొన్నాళ్లకు తేడా కనిపెడుతుంది. నీ దగ్గర ఆ కొన్నాళ్లు ఇచ్చే ఉద్దేశమే లేదు!

కోపంలో ఏకవచనం దొర్లింది. మన్నించాలి.

తమరు పోయాక తమరి వంశం గురించి వాకబు చేశాను. సంబంధం కలుపుకునే ముందు చేయాల్సిన పని, కొంచెం ఆలస్యంగా చేశాను. పుట్టినిల్లు దక్షిణాఫ్రికా. 1968లో శాస్త్రజ్ఞులు తమరిని సెనేషియో రౌలియానస్ అని పిలిచారు. గోర్డన్ రౌలీ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త పేరు మీద. తర్వాత 1990లలో క్యూరియో రౌలియానస్ అన్నారు. ఉన్న చోటి నుంచి కదలకుండానే ఇంటిపేరు మారడం ఎలా ఉంటుందో మాకూ తెలుసు. నేను ఇదే ఫ్లాట్‌లో ఉంటూ 2016 దాకా వరంగల్ జిల్లా, 2021 దాకా వరంగల్ అర్బన్ జిల్లా, ఆ తర్వాత హనుమకొండ జిల్లా అయ్యాను. ఆ విషయంలో తమరికి నా పూర్తి సానుభూతి.

సానుభూతి లేనిది చుట్టాల విషయంలో. తమరిది చామంతి కుటుంబమట! బంతి, పొద్దుతిరుగుడు తమరికి జ్ఞాతులట. బంతిని చూడండి. దసరాకు గుమ్మానికి కట్టిన తోరణం ఎండిపోతే తీసి మూలకు విసిరేస్తాం, మరుసటి వానలకు అక్కడే మొలిచి కూర్చుంటుంది. రోడ్డు పక్క సిమెంటు పగులులో బతికే గడ్డిచామంతి కూడా తమరి బంధువే. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే దాని ఆకు నలిపి పసరు పిండుకునేవాళ్లం. ఇంతమంది కాయకష్టం చేసుకునే చుట్టాల మధ్య తమరొక్కరికే ఈ జమీందారీ ఎక్కడి నుంచి వచ్చింది?

అలాగని తమరిలో గొప్ప లేదని అనను. రెండో అవతారం ఇంటికి వచ్చాక భూతద్దం పెట్టి చూశాను. ప్రతి ముత్యం మీదా ఒక సన్నటి గీత, మధ్యాహ్నం పిల్లి కంటిపాపలా నిలువుగా, మిగతా ఆకుపచ్చ కంటే లేతగా, వెలుగు అవతలికి కనబడేంత పలచగా ఉంటుంది. అది కిటికీ. ఎండకు ఒళ్లు తక్కువ ఆననివ్వడానికి ఆకును గుండ్రంగా చుట్టుకుని, మరి లోపలికి వెలుతురెలా అంటే ఆ గీత గుండా. దానికి తోడు మిగతా మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరుచుకుని గాలి పీలుస్తుంటే, తమరు ఎండ ఉన్నంతసేపూ అన్నీ బిగించుకుని, చీకటి పడ్డాక తెరిచి, రాత్రంతా బొగ్గుపులుసు వాయువు పీల్చి, దాన్ని పుల్లటి ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక ఆ నిల్వతో వంట మొదలుపెడతారు. ఇది చదివి నవ్వొచ్చింది. మే నెలలో మా ఊళ్లో ఏ ఇంటికైనా వచ్చి చూడండి. పొద్దున తొమ్మిదికే తలుపులు, కిటికీలు మూసి, పరదాలు దించేస్తాం. మళ్లీ రాత్రి తొమ్మిది దాటాకే తెరుస్తాం. ఎండ 45 డిగ్రీల దగ్గర ఆడుతుంటే బతకడానికి తమరు కనిపెట్టిన ఉపాయం, మేం కనిపెట్టిన ఉపాయం ఒకటే. మరి ఇద్దరికీ ఎక్కడ చెడింది?

నీళ్ల దగ్గర. మాది చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం, అన్నీ కాకతీయుల కాలానివి. పడిన వానను పట్టి నిలుపుకోవడం ఇక్కడి విద్య. మా అత్తమ్మ చేతిలోని చెంబుకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. అయితే ఆ చెరువులు కట్టినవాళ్లు కట్ట పోసి ఇంటికి పోలేదు. పొలానికి వదలడానికి తూము పెట్టారు, నిండాక పైనీరు తనంతట తాను దాటిపోవడానికి మత్తడి పెట్టారు. మత్తడి లేని చెరువు ఒక్క పెద్ద వానకు తెగుతుంది. నేను తమరికి కట్టింది బంగారు గీత ఉన్న కట్ట. తూమూ లేదు, మత్తడీ లేదు.

నన్నొక్కదాన్నే ఆడిపోసుకోకండి. తమరి మొదటి అవతారం ముగిసిన ఆ జూలైలోనే మా ఊళ్లో కాలనీలకు కాలనీలు రంధ్రం లేని కుండీలయ్యాయి. 2020 ఆగస్టులోనూ అంతే. నాలా పారాల్సిన చోట ప్రహరీ లేపి, గేటుకు మంచి రంగు వేసి, రోడ్డు మీది నీళ్లు ఇంట్లోకి ఎందుకొచ్చాయని ఆకాశాన్ని అడిగాం. ఆ రోజు మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడు తమరి వేళ్లు గుర్తొచ్చాయి. నిజంగా.

రెండో అవతారానికి అందుకే రాజభోగాలు ఏర్పాటు చేశాను. అడుగున మూడు రంధ్రాలున్న మట్టి కుండీ. నర్సరీ మట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, పెర్లైట్ అనే తెల్ల గుళికలు ఒక పాలు. రామప్ప గుడి శిఖరానికి వాడిన తేలే ఇటుకలను పొడి చేసి సంచుల్లో అమ్ముతున్నారేమో అన్నంత తేలికగా ఉన్నాయవి. ఇసుక కలుపుతుంటే మా ఆయన "వెయ్యి స్తంభాల గుడి పునాదిలో కూడా ఇసుకే పోశారు తెలుసా" అన్నాడు. తెలుసు. గుడికి ఇంతకంటే తక్కువ ఖర్చయి ఉంటుంది.

ఇన్నీ చేసి తమరిని తీసుకెళ్లి ఉట్టి మీద పెట్టాను. సీలింగుకు ఒక జానెడు కింద. తీగలు గాలిలో ఊగుతుంటే చూడముచ్చటగా ఉండేది. రెండు నెలలకు తమరి నడినెత్తి బట్టతలైంది. కిందికి వేలాడే తీగలకు వెలుతురు తగులుతోంది, కుండీలో మట్టి మీదున్న మొదళ్లకు తగలడం లేదు. తమరికి వెలుతురు కావాల్సింది నెత్తి మీదనట. సొంత ఊళ్లో తమరసలు వేలాడనే వేలాడరట! రాళ్ల సందుల్లో, పొదల నీడన, నేల మీద పాకుతూ, తాకిన చోటల్లా వేరు దించుకుంటూ పోతారట. మరి నర్సరీలో ఆ కొక్కేనికి నవ్వుతూ వేలాడింది ఎవరు? పెళ్లిచూపుల్లో పాట పాడి, పెళ్లయ్యాక నాకు సంగీతమే రాదన్నట్టుంది తమరి వరస.

ఉట్టి మీది నుంచి తమరిని దించింది నేను కాదు, కోతి. మా ఊరి కోతులకు ఏ అంతస్తూ ఎత్తు కాదు. ఎవరో గ్రిల్ తలుపు వేయడం మరిచిన మధ్యాహ్నం ఒకటి వచ్చి, రెండు తీగలు తెంపి, వాసన చూసి, మొహం అదోలా పెట్టి కింద పడేసి పోయింది. కోతి చేతిలో పూలదండ అని సామెత. ముత్యాల దండను కోతి కూడా వద్దనుకుంది. తెలివైనది, తమరి ఒంట్లో విషముంది. అప్పటికే పక్కింటి వదిన "ఈ బఠానీలు కూరకు పనికొస్తాయా" అని రెండుసార్లు అడిగి ఉంది కాబట్టి ఆమెకు మాత్రం ఈ సంగతి ఆ సాయంత్రమే చెప్పి వచ్చాను.

మిగిలిన అవతారం కుండీతో సహా పగిలింది. ఊడ్చి పారేద్దామని చీపురు తెచ్చేలోగా అత్తమ్మ అడ్డం వచ్చింది. పచ్చగా ఉన్నదాన్ని పారేయకూడదట. తెగిన తీగలను ఏరి, అడుగున పగులున్న పాత మూకుడులో, కుండీ పెంకులూ ఇసుకా కలిసిన ఆ చెత్తనే పోసి, తీగలను జిలేబీలా చుట్టి పైన పరిచింది. నల్లేరు కుండీ పక్కన, పొద్దుటెండ పడే మూలన నేల మీద పెట్టింది. పెట్టి, రెండు నెలలు కరీంనగర్‌లో కూతురింటికి వెళ్లింది. నేను ఆ మూలకు వెళ్లను. అది ఆమె పారేయలేని వస్తువుల మూల.

ఇప్పుడు తమరు అక్కడున్నారు. మూకుడు నిండి, అంచు దాటి, నల్లేరు కుండీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, పక్కన ఎవరూ నాటకుండా మొలిచిన గంగవాయిలి కూరతో కలిసిపోయి. అదీ నేల మీద పాకేదే, అదీ ఆకుల్లో నీరు దాచుకునేదే. నీటికి కటకటైతే అదీ తమరిలాగే రాత్రిపూట గాలి పీల్చే పద్ధతికి మారుతుందట. తేడా ఏమిటంటే దాన్ని పప్పులో వేసుకోవచ్చు. మొన్న కూరకు కోస్తూ కోస్తూ తమరి ముత్యమొకటి చేతిలోకి వస్తే చూసి తీసేశాను. గీత సన్నబడి, ముత్యం కొంచెం మెత్తబడితేనే ఇప్పుడు నీళ్లు పోస్తున్నాను. ఎండాకాలంలో పన్నెండు పదిహేను రోజులకు ఒకసారి, వానాకాలంలో అదీ లేదు. పోసినవి పోసినట్టే మూకుడు పగులులోంచి బయటికి పారిపోతాయి. గత మాఘంలో గోరంత తెల్ల పువ్వు ఒకటి పూశారు. వంగి వాసన చూస్తే దాల్చినచెక్క. మూడేళ్లలో తమరు నాకిచ్చిన జవాబు అదొక్కటే. అదీ నేను అడగనప్పుడు.

బంగారు గీత పింగాణీ గిన్నెలో ఇప్పుడు ఉల్లిగడ్డలు వేస్తున్నాం.

ఇట్లు,
తమరి విధేయురాలు

తా.క. మళ్లీ ఓసారి కరీంనగర్ వెళ్లిన అత్తమ్మ తిరిగొచ్చింది. ఈ ఉత్తరం రాస్తుండగానే బియ్యం కడిగిన నీళ్ల చెంబుతో ఆ మూలకు బయలుదేరింది. వద్దన్నాను. పది రోజులుగా పోయలేదని, పోయకపోవడమే దానికి మంచిదని నచ్చజెప్పబోయాను. చెంబు కింద పెట్టకుండా నా మొహంలోకి చూసి, "దానికి నోరుందా బిడ్డా, దాహమవుతోందని అడగడానికి?" అంది. నేను ఇటు ఉత్తరం వైపు, అటు చెంబు వైపు చూస్తున్నాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.