పేటెంటు చేతికొస్తే కంపెనీ నిలబడినట్టేనా?

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది: "కొత్త ఉత్పత్తులు తెచ్చేది యూనివర్సిటీ ల్యాబుల్లో పుట్టిన కంపెనీలే. పేటెంటు ఉంటే చాలు, మిగతాది డబ్బే. గూగుల్‌ని చూడండి!"

గూగుల్‌నే చూద్దాం. వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చే పేజ్‌ర్యాంక్ పద్ధతి పేటెంటు స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీదే. దాని లైసెన్సుకు బదులుగా వచ్చిన గూగుల్ వాటాలు అమ్మి 2005 నాటికి 33.6 కోట్ల డాలర్లు తెచ్చుకున్నదీ నిజమే. కానీ లాటరీ తగిలినవాణ్ణి చూపించి టికెట్లు కొనమన్నట్టుంది ఈ వాదన.

"పేటెంటు ఉంటే చాలు." పేటెంటు ఇచ్చేది ఇతరులను ఆపే హక్కు. మన వస్తువులో మరొకరి పేటెంటు ఇమిడి ఉంటే, మనదీ ఉన్నా వాళ్ల లైసెన్సు లేనిదే తయారుచెయ్యలేం. పైగా దరఖాస్తుకు ముందే పరిశోధన పేపరు అచ్చయితే యూరప్‌లో కొత్తదనం పోయినట్టే, పేటెంటు రాదు. మన దేశంలో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేశాక 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, ఇవ్వాలి. ఆ 12 నెలలూ థీసిస్ పనిలోనే గడిచిపోతే దరఖాస్తు చెల్లదు.

"మిగతాది డబ్బే." అసలు పొరపాటు ఇక్కడే. పికియా అనే ఈస్టుతో ప్రొటీన్ చేస్తున్నారనుకోండి. 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. ద్రవం పోసి ఊపితే పైనుంచే గాలి అందుతుంది. 500 లీటర్ల ఫెర్మెంటర్‌లో (కణాలు పెంచే పెద్ద ట్యాంకులో) ఆ వీలు లేదు: ఘనపరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు. పికియాకి ఆహారంగా మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) పెడితే ఆక్సిజన్ విపరీతంగా లాగుతుంది, వేడి కక్కుతుంది. గాలి, చల్లదనం వెనకబడ్డాయా, మిథనాల్ పేరుకుని కణాలు చస్తాయి. అందుకే కరిగిన ఆక్సిజన్ రీడింగ్ చూసుకుంటూ మిథనాల్‌ని కొద్దికొద్దిగా వదలాలి. ఆ తర్వాత శుద్ధి, నిల్వ పరీక్షలు. థీసిస్‌కి ఒక్క మంచి ఫలితం చాలు. ఔషధ నియంత్రణ వాళ్లు సాధారణంగా వరసగా మూడు బ్యాచ్‌లు ఒకేలా రావాలంటారు. ఈ పని తెలిసిన మనిషి ల్యాబులో ఉండడు, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకోవాలి. డబ్బుంటే తేవచ్చు కదా అంటారా? ఆ మనిషి అవసరమని ప్రొఫెసర్‌కి ముందు తట్టాలిగా.

"కొత్త ఉత్పత్తులు తెచ్చేది ల్యాబు కంపెనీలే." యూనివర్సిటీ ల్యాబులోంచి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ 2005లో పుట్టింది, దాని చేతిసైజు సీక్వెన్సర్ (డీఎన్‌ఏ చదివే పరికరం) మినయాన్ పరిశోధకులకు అందింది 2014లో. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1993లో మొదలై, ఆ పికియాతోనే తీసిన హెపటైటిస్-బి టీకాను 1997లో అమ్మకానికి పెట్టింది. అది ప్రొఫెసర్లు పెట్టిన కంపెనీ కాదు. పెట్టినాయన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, వరప్రసాద్ రెడ్డి. ఉస్మానియా యూనివర్సిటీ, సీసీఎంబీ (హైదరాబాద్‌లోని ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ల్యాబులను వాడుకున్నారు, అంతే.