ఆధారాలు చూపించండి, ఎలాగూ నమ్మం

రష్యా ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆర్‌టీనీ, దాని తోబుట్టువు చానళ్లనూ లోకం అన్యాయంగా ఆడిపోసుకుంటోంది. ఏ సైబర్ దాడికి రష్యాను తప్పుపట్టినా పాపం వాళ్లడిగేది ఒక్కటే: ఆధారాలేవీ? చూపించకపోతే అభాండం. చూపిస్తే, ఇన్ని దొరికాయంటే ఎవరో కావాలనే పెట్టి ఉంటారని అనుమానం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రోజులు పోయాయి. ఇప్పుడు భుజం మీది బూడిద అసలు బూడిదేనా అని ఇద్దరు నిపుణులను కూర్చోబెట్టి చర్చ పెడతారు.

2018 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో జరిగింది చూడండి. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ పక్కనే ఒక హోటల్, దాని పార్కింగ్‌లో అద్దె కారు. డిక్కీలో వైఫై హ్యాకింగ్ సరంజామా, యాంటెన్నా మీద ఒక కోటు. దానికి చలేస్తుంది కాబోలు. అక్కడ పట్టుబడ్డ నలుగురు రష్యన్లవీ దౌత్య పాస్‌పోర్టులే. హోటల్ గదిలోని చెత్తను, ఖాళీ బీరు డబ్బాలతో సహా, మూటగట్టి వెంట తెచ్చుకున్నారు. అంత జాగ్రత్తపరుల దగ్గర దొరికిందేమిటయ్యా అంటే, మాస్కోలో సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ స్థావరం పక్క సందు నుంచి ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ రసీదు! గూఢచారి అయితే మాత్రం టీఏ బిల్లు పెట్టుకోవద్దా? అకౌంట్స్ సెక్షన్ ముందు ఏ గూఢచారైనా గుమాస్తాయే. విదేశాంగ మంత్రి లావ్రోవ్ మాత్రం అది మామూలు ప్రయాణమేనని తేల్చేశారు.

హ్యాకర్లు కళాకారుల్లాంటి వాళ్లని, పొద్దున్నే మూడ్ బాగుంటే బొమ్మలేస్తారని పుతిన్ 2017 జూన్ 1న సెలవిచ్చారు. అదే నెల 27న ఉక్రెయిన్‌లో మొదలైన నాట్‌పెట్యా వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను ముంచింది. ఆ రోజు మూడ్ మరీ బాగున్నట్టుంది.

హేగ్‌లో దొరికిన నలుగురిలో ఒకరి ల్యాప్‌టాప్ అంతకుముందు మలేసియాలోనూ పనిచేసిందట. తూర్పు ఉక్రెయిన్‌లో మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17 కూలిన కేసు దర్యాప్తు మీద కన్నేయడానికి. నాకు నవ్వు ఆగిపోయేది ఇక్కడే. 2014 జులై 17న 298 మంది చచ్చిపోయారు, వాళ్లలో 80 మంది పిల్లలు. శవాలు పొద్దుతిరుగుడు చేలల్లో పడి ఉండగానే కథలు మొదలయ్యాయి. ముందు ఉక్రెయిన్ యుద్ధ విమానం కూల్చిందన్నారు. నవంబరులో రష్యా ప్రభుత్వ టీవీ చానల్ వన్ దానికి శాటిలైట్ ఫొటో కూడా చూపించింది. అది దొంగ ఫొటో అని గంటల్లోనే తేలిపోయింది. ఆ తర్వాత, క్షిపణే గానీ ఉక్రెయిన్‌దన్నారు. రెండు కథలూ పొసగకపోయినా వాళ్లకేం సిగ్గులేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి టీవీ ముందు కూర్చుని ఈ చెత్తలో ఏది నిజమో ఏరుకోవాలా? 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చి యావజ్జీవం వేస్తే, అది రాజకీయ తీర్పట. ఆ 80 మంది పిల్లలు చేసింది ఏ రాజకీయం?