నలభై దాటాక స్నేహితులను సంపాదించు విధానం

ఒంటరితనం ఇప్పుడు సర్కారు వ్యవహారం. బ్రిటన్ 2018లో దానికో మంత్రిని పెట్టింది, జపాన్ 2021లో పెట్టింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క తేల్చింది. మంత్రులూ నివేదికలూ వాటి దారిన అవి నడుస్తుండగా, నడివయసు మనిషి తన వంతు చర్య తాను తీసుకున్నాడు. గిటార్ కొన్నాడు.

దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. నలభై అయిదేళ్ల మనిషి తన షుగర్ గురించి, మోకాళ్ల గురించి, ఇంటి అప్పు గురించి ఎవరితోనైనా చెప్పుకోగలడు. "నాకు స్నేహితులు లేరండీ" అని మాత్రం చెప్పలేడు. ఏడేళ్ల పిల్లాడు కొత్తవాడి దగ్గరికెళ్లి "నాతో ఆడతావా?" అంటే చూసేవాళ్లకు ముచ్చటేస్తుంది. అదే మాట పెద్దవాడు అంటే ఎదుటివాడు ముందు పర్సు తడుముకుని, తర్వాత "ఇన్సూరెన్స్ నాకు ఆల్రెడీ ఉందండీ" అంటాడు. అందుకని ఒక సాకు కావాలి. "ఈ వయసులో ఏదో ఒక హాబీ ఉండాలి కదా" అనే మాటలో ఎంత పెద్దమనిషి తరహా ఉందో గమనించండి.

ఈ వ్రతంలో మొదటి అంకం సామాన్లు. ఫొటోగ్రఫీ మొదలుపెట్టినవాడు ఒక్క మనిషినైనా కలిసేలోపే కెమెరా, దానికో లెన్సు, లెన్సుకో సంచి, సంచికో వాన తొడుగు కొనేస్తాడు. పరుగు మొదలుపెట్టినవాడికి తన మడమ ఏ పక్కకు వాలుతుందో తెలుస్తుంది, పక్కన పరిగెత్తే మనిషి పేరు తెలియదు. ఈ దశలో అతనికి అందరికంటే దగ్గరైన మనిషి, ఫోన్లో బూట్ల రివ్యూలు చెప్పే కుర్రాడు. ఆ కుర్రాడు నోరు తెరిస్తే "ఫ్రెండ్స్" అనే పిలుస్తాడు కాబట్టి, సాంకేతికంగా చూస్తే లక్ష్యం ఇక్కడే నెరవేరినట్టు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా.

ఆగనివారిని వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. ఆదివారం ఎవరెవరు వస్తున్నారని అడ్మిన్ పోల్ పెడితే అందరూ వస్తామనే నొక్కుతారు. శనివారం రాత్రి పది దాటాక ఒక్కొక్కరి ఇంటికీ చుట్టాలు దిగడం మొదలవుతుంది. మధ్యమధ్య ఎవరిదో పుట్టినరోజు వస్తుంది. కేకుల బొమ్మలు, పూలగుత్తులు, చేతులు జోడించిన బొమ్మలు వరస కడతాయి. ఆ పుట్టినరోజు మనిషి పొడుగో పొట్టో ఎవరికీ గుర్తురాదు.

ఇక్కడ కొంచెం లెక్కలు చూడాలి. కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో వెల్లడించిన అంచనా ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, అసలు స్నేహం కావడానికి 90 గంటలు, ప్రాణస్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. ఆఫీసులో పక్కపక్కన పనిచేసిన గంటలు అంతగా అక్కరకు రావట. ఆ సంగతి ఆఫీసుకు వెళ్లే ఎవరిని అడిగినా చెప్పేవారు.

ఇప్పుడు మన గిటార్ క్లాసుకి రండి. వారానికొక గంట. అందులో యాభై నిమిషాలు వేళ్లు నొప్పెట్టడానికి పోతే మాటలకు మిగిలేది పది నిమిషాలు. ఆ మాటలనే లెక్కేస్తే ఏడాదికి తొమ్మిది గంటలైనా కావు. 200 గంటలు పోగయ్యేసరికి ఇరవై మూడేళ్లు. అంటే నలభై అయిదులో చేరినవాడికి అరవై ఎనిమిదో ఏట ఒక ప్రాణస్నేహితుడు తయారవుతాడు, ఈలోపు ఎవరూ క్లాసు మానకపోతే. "గారు" దగ్గర మొదలైన పిలుపు "ఒరేయ్" దాకా వచ్చేసరికి ఇద్దరిలో ఒకరికి వినికిడి తగ్గుతుంది.

మరైతే ఏ హాబీ మంచిది? దీని మీదా పరిశోధన జరిగింది. బ్రిటన్లో పెద్దవాళ్ల కోసం పెట్టిన పాటల క్లాసులను, చేతిపనుల క్లాసులను, రచనా క్లాసులను పోల్చి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాటగాళ్లు తొందరగా కలిసిపోయారు. కానీ ఏడు నెలలు తిరిగేసరికి కుట్టుకునేవాళ్లూ రాసుకునేవాళ్లూ వాళ్లంత దగ్గరయ్యారు. గొంతు ఎలాంటిదైనా ఏడు నెలలపాటు అదే గదికి, అదే మొహాల మధ్యకి వెళ్లి కూర్చోవాలన్నమాట. మూడో వారానికే ఇంకో హాబీకి బూట్లు వెతికే మన ఆరంభశూరులకు ఇంతకంటే అశుభవార్త ఉండదు.

కనుక హాబీని ఎంచుకునేటప్పుడు అందులో ఎంత ఆనందం ఉందని చూడటం శుద్ధ దండగ. బాతాఖానీకి ఎంత ఖాళీ ఉందో చూడాలి. పరుగులో ఊపిరే అందదు, మాటెక్కడ? చదరంగంలో నోరు విప్పితే తప్పు. పక్షులను చూసే బృందంలో దగ్గినా పక్షి ఎగిరిపోతుంది, దాని వెనకాలే సీనియర్ సభ్యుడి చూపు మన మీదికి వస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే ఉత్తమమైనది నక్షత్రాలు చూడటం, అదీ మబ్బు పట్టిన రాత్రి. అంత బరువు మోసుకొచ్చిన టెలిస్కోపు పక్కన నిలబడి, మబ్బు తొలగేదాకా అరడజను మంది చేయగలిగింది ఏముంటుంది? పిల్లల చదువులు వస్తాయి, బాసు వస్తాడు, అర్ధరాత్రి దాటితే ఎవరో విడాకుల సంగతి కూడా బయటపెడతారు. ఆకాశం తేటపడిందా, అంతా పాడు. అందరూ తలెత్తి నోరు మూసుకుంటారు.

నమ్మనివారికి 1950లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో విద్యార్థి కుటుంబాల ఇళ్ల మీద వచ్చిన అధ్యయనం ఉంది. అక్కడ స్నేహాలు ఎక్కువగా పక్కింటివాళ్లతోనే కుదిరాయి. మెట్ల మొదట్లో ఇల్లు పడ్డవాళ్లకు పై అంతస్తు స్నేహితులు కూడా దొరికారు. పాపం వాళ్లు స్నేహం కోసం ఏ కోర్సూ చేయలేదు, మెట్ల దగ్గర అడ్డం పడ్డారంతే.

ఇక ప్రతిభ ఉన్నవారికి ఒక హెచ్చరిక. బ్యాచ్‌లో ఎవరికైనా నిజంగా గిటార్ రావడం మొదలైతే అది ప్రమాద సూచన. వాళ్లను పై క్లాసుకు పంపిస్తారు, అక్కడ అందరూ బాగా వాయిస్తారు, ఎవరూ ఎవరినీ చూసి నవ్వుకోరు. ఏళ్ల తరబడి అదే మూడు గిటార్ కార్డ్స్ (తీగలు కలిపి మీటే స్వరాలు) దగ్గర తచ్చాడేవారిని వెతికి పట్టుకోండి. వాళ్లు మళ్లీ వారం కూడా అక్కడే ఉంటారు.

మాస్టర్లు కూడా తమ బాధ్యత గుర్తెరగాలి. ఠంచనుగా వచ్చి తాళం తీసే మాస్టారి శిష్యులు చక్కగా వాయిస్తారు, వాయించి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ప్రతి వారం ముప్పావు గంట ఆలస్యంగా వచ్చే మాస్టారి బ్యాచ్ ఆ గుమ్మం ముందు నిలబడి ఆయన్ను తిట్టుకుంటూనే సగం గంటలు పోగేసుకుంటుంది. కాబట్టి ఆలస్యంగా వచ్చే మాస్టారికి ఫీజు కొంచెం ఎక్కువ ఇవ్వడం న్యాయం. అసలు రాకుండా ఉండే మాస్టారు దొరికితే అడ్వాన్స్ ఇచ్చి మరీ బుక్ చేసుకోండి.