వన్స్‌మోర్‌కు ఒక పాత వేషగాడి బహిరంగ లేఖ

ఏమప్పా వన్స్‌మోరూ,

తిరుపతి నుంచి రాస్తా ఉండాను. నాటకంలో పద్యం అయిపోతానే మళ్ళీ పాడమని జనంలో నుంచి లేచే అరుపువి కదా నువ్వు. నువ్వు ఉండావో పోయినావో తెలీదు కాబట్టి క్షేమసమాచారాలు అడగను. కడాకు నీ గొంతు విన్నది పాకాల పక్కన ఒక పల్లెలో. అదీ తెర పడిపోయి, షామియానా విప్పుతా ఉంటే ఎవరో తాగినాయన అరిచినాడు. హార్మోనియం అప్పటికే గోనెసంచిలోకి పోయింది.

కళాకారుడికి నువ్వే ప్రాణమని సన్మాన సభల్లో చెప్పేవాళ్ళు చానామంది. వాళ్ళు కప్పిన శాలువాకు తగ్గట్టు మాట్లాడతారు. నాకు నీతో లెక్కలుండాయి. నేను నీకు బాకీ. నువ్వు నాకు అంతకు మించి బాకీ.

ముందు నా బాకీ ఒప్పుకుంటా. ఈ రంగంలోకి నన్ను తెచ్చింది నువ్వే. మా ఇంట్లో ఆటగాళ్ళు ఎవరూ లేరు. మొక్కుబడికని గంగజాతరలో నాకు చిన్నప్పుడు చీర కట్టి మాతంగి వేషం వేసినారు. ఆ వారం మా వూళ్ళో సగంమంది మొగోళ్ళు చీరల్లోనే తిరుగుతారు కాబట్టి దాన్ని నటన కింద ఎవరూ జమకట్టరు. మా నాయన అసలే కట్టడు.

నాటక సమాజంలో నాకు దొరికిన పని ప్రాంప్టింగు. సైడు వింగులో చీకట్లో కూర్చోని, పుస్తకం మీద టార్చిలైటు వేసుకోని, మరిచిపోయినోడికి పద్యం ఎత్తుగడ అందియ్యాల. జీతం లేదు. రాత్రి అన్నం, తెల్లారి టీ. పగలంతా మొఖాలకు పూసే అర్దళం నూరేది, హార్మోనియం మోసేది, తెరలు చుట్టేది. వేషం కావాలంటే మనమే డబ్బు కట్టాల. కృష్ణుడికి ఒక రేటు, అర్జునుడికి ఒక రేటు, ద్వారపాలకుడైతే చవక. హార్మోనియం మాస్టరుకూ, టౌను నుంచి వచ్చే ఆడవేషాలకూ ఆ డబ్బుల్లో నుంచే ఇచ్చేది. నా జేబుకు ద్వారపాలకుడు కూడా అందలేదు.

అట్లాంటి నాకు ఒక తిరునాళ్ళలో, చిత్తూరు పక్కన, నువ్వు కిరీటం పెట్టినావు. రాయబారం సీను. మా కృష్ణుడు పద్యం దించినాడో లేదో నేలక్లాసులో నువ్వు లేచినావు. ఆయప్ప మళ్ళీ పాడినాడు, రాగం ఇంకొంచెం పెంచి. నువ్వు బెంచీల్లో లేచినావు. మళ్ళీ పాడినాడు. ఈ తూరి కుర్చీల్లో లేచినావు. దుర్యోధనుడు నిలబడి నిలబడి కాలు మార్చుకుంటా ఉండాడు. భీష్ముడు కుర్చీలోనే కునుకు తీస్తా ఉండాడు. మధ్యలో మైకులో చదివింపులు: ఫలానా రెడ్డిగారు పది రూపాయలు, ఫలానా మొదలియారుగారు అయిదు. ఆ తర్వాత ఆయప్ప నోరు తెరిస్తే గాలి వచ్చింది, శ్రుతి రాలేదు.

నాటకం ఒప్పుకున్న కాంట్రాక్టరు వింగులోకి దూరి నా చేతిలో పుస్తకం లాక్కున్నాడు. ఆయప్ప తలమీద కిరీటం ఊడదీసి నా తలమీద పెట్టినాడు. లోపల చెమట ఇంకా వెచ్చగా ఉంది. వదులైతే తువ్వాలు కుక్కినారు. కృష్ణుడు పొట్టోడైపోయినాడని జనం ఆశ్చర్యపోతారనుకుంటే, ఒక్కడూ పట్టించుకోలేదు. కాంట్రాక్టు నాటకంలో ఒకే రాత్రికి ముగ్గురు కృష్ణులు దిగేది వాళ్ళకు అలవాటే కదా.

ఇంగ నీ బాకీలు చెప్తా, విను.

కాటిసీను గుర్తుందా? చంద్రమతి ఒళ్ళో పాము కరిచిన లోహితాస్యుడు. హరిశ్చంద్రుడు పద్యం పాడినాడు, నువ్వు లేచినావు. పిలగోడు చచ్చిపడి అరగంటాయ. పెట్రోమాక్సు లైటు కింద దోమలు. రెండోసారికి శవం మోకాలు గోక్కునింది. మూడోసారికి శవం గురక పెట్టింది. చంద్రమతి ఏడుపు ఆపి వాడి ముక్కు పిండింది. నీకు మాత్రం పద్యం చాలలేదు. కొడుకు కాలకముందే కాటికాపరికి పదిరూపాయల నోటు గుచ్చి పోయినావు. దుర్యోధనుడికి తొడలు విరిగినాక కూడా నువ్వు అడిగితే ఆయన లేచి నిలబడి, పంచె సర్దుకోని, పాడి, మళ్ళీ పడుకోని చచ్చినాడు. మన ద్రౌపదమ్మ గుడి తిరునాళ్ళలో పద్దెనిమిదో దినం మట్టితో చేసిన దుర్యోధనుడు ఇంతకంటే మర్యాదగా చచ్చిపోతాడు.

కొన్ని సమాజాలవాళ్ళు నిన్ను కూలికి తెచ్చేది కూడా నాకు తెలుసు. టిక్కెట్టు లేకుండా లోపలికి పంపి, టీకి డబ్బులిచ్చి, ఫలానా పద్యం అయినాక లెయ్యమని చెప్పేది. ఒకడు నిద్రలో ఉలిక్కిపడి లేచి, తెర పైకి పోయేటప్పుడే అరిచినాడు.

నీ మీద గట్టిగా నిలబడినాయన మన సీమలోనే ఒకాయన ఉండె, బళ్ళారి రాఘవ. రాగాల కింద పాత్ర నలిగిపోగూడదని, మాట సహజంగా ఉండాలని పట్టుబట్టిన నటుడు. ప్లీడరు కూడా. 1946లో ఆయన పోయినాడు. నీ మీద కేసు వాదించేవాళ్ళు లేకపోయినారు.

నువ్వు నాకు చేసిన పెద్ద ద్రోహం మద్రాసులో బయటపడింది. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటుకోని పోతే సినిమా స్టూడియోలుండే కోడంబాక్కం. 1965లో వంతెన కట్టకముందు అక్కడ రైలుగేటు ఉండేది. గేటు పడితే హీరో కారూ, మా అద్దె సైకిలూ ఒకచోటే ఆగాల. వేషం అడిగేదానికి మద్రాసులో అంతకంటే మంచి జాగా లేదు. పానగల్ పార్కులో పొద్దుగూకులూ కూర్చున్నా దొరకని వేషం, ఒక గూడ్సుబండి పుణ్యాన గేటుకాడ దొరికింది. సేవకుడు. మాట ఒకటే: "మహారాజా, దూత వచ్చాడు."

మహారాజాను పై షడ్జమం దాకా తీసుకుపోయి, చెయ్యి చాపి, నిలబడినా. నీకోసం. డైరెక్టరు కట్ చెప్పి, "ఎందుకయ్యా అలా నిలబడ్డావు?" అన్నాడు. "చప్పట్లు ఆగనీలే అని సార్." ఆయన పైన లైట్‌బాయ్‌ల వైపు చూసినాడు. వాళ్ళు నా వైపు చూసినారు. "సరే, మళ్ళీ తీద్దాం" అన్నాడు. నాకు ఛాతీ పొంగింది. కుర్చీక్లాసు కూడా లేచింది రా అనుకోని, ఈ తూరి రాగం పెంచినా. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తిరుగుతాదని నాకు ఎవరూ చెప్పలేదు. ప్రొడక్షన్ మేనేజరు మొఖం చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. మహారాజు ఊడిపోతా ఉన్న మీసాన్ని వేలితో అదుముకోని నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కడాకు నా మాట చామరం వీచేవాడికి ఇచ్చి, చామరం నాకిచ్చినారు. బాగా వీచినానంట.

నిన్ను వదిలించుకోని బాగుపడినాయన నాగయ్యగారు. 1904లో పుట్టింది రేపల్లెలో, పేరుకు ముందర నిలిచింది మా చిత్తూరు. స్టేజీ మీద పద్యాలతో పేరు తెచ్చుకున్న గొంతే, సినిమాలోకి పోయినాక మైకుకు ఎంత కావాల్నో అంతే ఇచ్చింది. 1965లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసులో ప్రతి ఆఫీసు మెట్టుమీదా "మాది కూడా చిత్తూరే సార్" అని మేమంతా ఆయన పేరు వాడుకున్నాం. నువ్వు నేర్పిన గొంతు విన్నాక, అదే నిజమైతే నాగయ్యగారిది వేరే చిత్తూరై ఉంటుందన్నాడు ఒక అసిస్టెంటు.

ఇప్పుడు నీ సంగతి ఏమైందో తెలుసా? నాటక పరిషత్తు పోటీల్లో టైము దాటితే మార్కులు పోతాయి. అందుకని నువ్వు లేస్తే ఆటగాడే చేతులు జోడించి కూర్చోమంటాడు. తిరుపతిలో ఏ ఆడిటోరియంకైనా పో, పద్యం ఎత్తుకోగానే ఫోన్లు లేస్తాయి. రెండు చేతులూ ఫోనుకు పోతే చప్పట్లకు చేతులు యాడ తెచ్చేది?

నా మనవడు నా పద్యం ఒకటి ఫోనులో పట్టినాడు. అయిపోతానే అది తనంతట తానే మళ్ళీ మొదలవుతాది. అడిగినోడు లేడు, నోటు గుచ్చినోడు లేడు. వంటింట్లో నుంచి మా ఇంటామె "ఇంగ చాలు, ఆపు" అని అరుస్తాది. ఆ మాట ఆ తిరునాళ్ళలో బెంచీక్లాసులో ఒక్కడన్నా అనింటే మా కృష్ణుడి గొంతు మిగిలేది.

వచ్చే నెల మా వీధిలో రాయబారం ఆడతా ఉండారు. నాకు భీష్ముడు. పద్యం ఒకటే, మిగతాదంతా కునుకే. వస్తే రా, వెనక బెంచీలో కూర్చో. ఒకసారి లేస్తే పాడతా. రెండోసారి లేస్తే మటుకు ఒప్పుకోను, అది నా బీపీ మాత్ర టైము.

ఇట్లు,
రెండో కృష్ణుడు
(మొదటాయన గొంతు పోయిన రాత్రికి మొదటి కృష్ణుడు)