అట్లాంటిక్ గారూ, కొంచెం జరుగుతారా?

మహారాజశ్రీ అట్లాంటిక్ మహాసముద్రం గారికి,

ఒక బాస్కెట్‌బాల్ అభిమాని నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. మీరు క్షేమంగా ఉండటమే కాదు, ఏటేటా ఒళ్ళు కూడా చేస్తున్నారని తెలిసింది. ఆ ఒళ్ళు గురించే ఈ ఉత్తరం.

మీ పడమటి ఒడ్డున ఎన్‌బీఏ అని అమెరికావాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటి ఉంది. పేరులో మొదటి అక్షరానికి అర్థం నేషనల్. జట్లు 30, ఒక్కో జట్టుకు సీజన్‌లో 82 మ్యాచ్‌లు. ఏటా ఆఖర్న గెలిచిన జట్టును మాత్రం ప్రపంచ ఛాంపియన్ అంటారు. 2023లో బుడాపెస్ట్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో పరుగు పందేలు గెలిచిన నోవా లైల్స్, తనూ అమెరికావాడే అయ్యుండి, ‘ప్రపంచ ఛాంపియనా? ఏ ప్రపంచానికి? అమెరికాకా?’ అని అడిగేశాడు. ఎన్‌బీఏ ఆటగాళ్ళకు కోపం వచ్చింది. కొద్ది రోజులకే మనీలాలో బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగితే జర్మనీ గెలిచింది. అందరూ ఎన్‌బీఏ ఆటగాళ్ళే ఉన్న అమెరికా జట్టు నాలుగో స్థానంతో ఇంటికొచ్చింది.

ఈ లీగ్‌ను అంతర్జాతీయం చేసేద్దామన్న ఐడియాలకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు. లండన్‌లో ఒక జట్టు, పారిస్‌లో ఒకటి, బెర్లిన్‌లో ఇంకొకటి. మ్యాపు మీద పిన్నులు గుచ్చడం ఎంత సేపు! గుచ్చాక చూస్తే మధ్యలో నీలంగా మీరు.

మీ చుట్టం హిందూ మహాసముద్రం గారిని దారి ఇమ్మని రాముడంతటివాడు మూడు రోజులు దర్భల మీద పడుకుని బతిమాలాడు. బాణం తీశాక గానీ ఆయన బయటికి రాలేదు. మా దగ్గర బాణాల్లేవు. బంతి చేతికొచ్చాక ఎంతలోపు బాస్కెట్‌కు వేయాలో చెప్పే షాట్ క్లాక్ ఉంది, అదీ 24 సెకన్లే.

దారి ఇవ్వకపోతే పోయె, కనీసం పెరగకుండా ఉండొచ్చు కదండీ. మీరు ఏటా రెండున్నర సెంటీమీటర్ల దాకా వెడల్పవుతున్నారట. ఈ లీగ్ పుట్టింది 1946లో. అప్పటినుంచి లెక్కేస్తే దాదాపు రెండు మీటర్లు, అంటే ఒక ఫార్వర్డ్ ఆటగాడు కాళ్ళు బార్లా చాపి పడుకున్నంత. మీకంటే రెండింతలు పెద్దాయన పసిఫిక్ గారు చూడండి, 1990లోనే ఫీనిక్స్, యూటా జట్లను టోక్యో పంపి రెండు సీజన్ మ్యాచ్‌లు ఆడించారు. మీ మీదుగా యూరప్‌లో సీజన్ మ్యాచ్ ఆడటానికి 2011 దాకా పట్టింది. లండన్‌లో న్యూజెర్సీ, టొరంటో జట్లు ఆడిన ఆ రెండు మ్యాచ్‌లలో రెండోది మూడు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్ళింది. 48 నిమిషాల ఆట 63 నిమిషాలు. అంత దూరం వచ్చినందుకు టికెట్టు డబ్బులు గిట్టాలిగా!

అసలు ఈ నేషనల్ లీగ్ మొట్టమొదటి మ్యాచ్ జరిగిందే పరాయి దేశంలో. 1946 నవంబర్ 1న టొరంటోలో న్యూయార్క్ నిక్స్ 68-66తో టొరంటో హస్కీస్‌ను ఓడించింది. హస్కీస్‌లో అందరికంటే పొడుగైన ఆటగాడు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. అతని కంటే పొడుగున్న వాళ్ళకు టికెట్ ఫ్రీ అన్నారు. గేటు దగ్గర కొలబద్ద పట్టుకుని నిలబడిన మనిషిని ఊహించుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. హస్కీస్ ఒక్క సీజన్‌కే మూతపడింది. అంతర్జాతీయ విస్తరణ మొదలైనదీ, మొదటిసారి చేతులు కాలినదీ ఆ ఏడే.

తర్వాత 1995లో మళ్ళీ టొరంటో, దాంతో పాటు వాంకూవర్. 1999లో కొత్త ఆటగాళ్ళను పంచుకునేటప్పుడు వాంకూవర్ ఎంచుకున్న కుర్రాడు అక్కడ ఆడనని మొండికేసి వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. 2001లో జట్టే మెంఫిస్‌కు వెళ్ళిపోయింది. టొరంటో నిలబడి 2019లో టైటిల్ కూడా కొట్టింది. కానీ కరోనా రోజుల్లో సరిహద్దు మూసేసరికి, 2020-21లో ఆ జట్టు ‘సొంత’ మ్యాచ్‌లకు ఫ్లోరిడాలోని టాంపాకు వెళ్ళి తలదాచుకుంది. 2013లో మెక్సికో సిటీలో అయితే ఆట మొదలవ్వక ముందే జనరేటర్ పాడై హాలంతా పొగ నిండింది. మ్యాచ్ రద్దు. ఇవన్నీ మిమ్మల్ని దాటక్కర్లేని చోట్లు, గమనించగలరు.

ఇక మీరున్న దారి సంగతి. నేనే కాగితం తీసుకుని లెక్క వేశాను. యూరప్‌లో అయిదు జట్లతో ఒక డివిజన్ పెట్టారనుకుందాం. తమలో తాము నాలుగేసి సార్లు ఆడితే ఒక్కో జట్టుకు 16 మ్యాచ్‌లు. మిగతా 66 అవతలి ఒడ్డు జట్లతో. అందులో సగం, 33, అక్కడికెళ్ళి ఆడాలి. ఒక్కో ట్రిప్పులో అయిదేసి ముగించినా ఏడు ట్రిప్పులు, అంటే పద్నాలుగు సార్లు మిమ్మల్ని దాటడం. లండన్ నుంచి న్యూయార్క్ 5,500 కిలోమీటర్ల పైమాటే, సుమారు ఏడు గంటలు. దగ్గరి ఊరితోనే లెక్కేసినా వంద గంటలు మీ నెత్తిన ఎగరడమే. లాస్ ఏంజెలెస్ అయితే ఒక వైపుకే పదకొండు. స్టార్లు విశ్రాంతి పేరు చెప్పి మ్యాచ్‌లు ఎగ్గొడుతున్నారని, పెద్ద అవార్డులు కావాలంటే కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలని 2023లో రూల్ పెట్టుకున్న లీగ్ అండీ ఇది. ఏడడుగుల మనిషి మోకాలికి ఐస్ కట్టుకుని, పగలో రాత్రో తెలియని కిటికీ పక్కన ముడుచుకుని, దిగగానే మూడు పాయింట్ల షాట్ వేయాలి!

అభిమాని సంగతీ చూడండి. జట్టు లాస్ ఏంజెలెస్‌లో రాత్రి ఏడున్నరకు ఆడుతుంటే లండన్‌లో తెల్లవారుజామున మూడున్నర. ఒక కుర్రాడు దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని, సౌండ్ తీసేసి, వెలుతురు తగ్గించి చూస్తున్నాడు. ఆఖరి సెకను, షాట్ గాల్లో ఉంది. బంతి రింగు మీద ఒకసారి ఎగిరి లోపల పడింది. అరవకూడదు, పక్క గదిలో అమ్మ నిద్రపోతోంది. దిండు కొరుక్కున్నాడు. సొంత జట్టు గెలిస్తే దిండు కొరుక్కోవాల్సిన ఆట ఇంకెక్కడైనా ఉందా?

ఇంత రాశాక నాకే ఒక అనుమానం వచ్చింది. మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకుంటున్నానేమో.

ఎందుకంటే మిగతావన్నీ మిమ్మల్ని సుబ్బరంగా దాటుతున్నాయి. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళలో ఒక్కసారి కూడా సీజన్ మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు అమెరికాలో పుట్టినవాడికి రాలేదు. గ్రీస్ యానిస్‌కు రెండు, సెర్బియా యోకిచ్‌కు మూడు, కామెరూన్‌లో పుట్టిన ఎంబీడ్‌కు ఒకటి, చివరిది కెనడా షై గిల్జస్-అలెగ్జాండర్‌కు. ఆ చివరివాడు తప్ప మిగతా ముగ్గురూ మీ మీదుగా వచ్చినవాళ్ళే. అటునుంచి ఆటగాళ్ళు వస్తారు, ఇటునుంచి జెర్సీలు, టీవీ ప్రసారాలు వెళ్తాయి, వాటి వెనకే డబ్బు తిరిగొస్తుంది. దేనికీ జెట్‌లాగ్ లేదు.

2022-23లో 60 మ్యాచ్‌లు ఓడిన శాన్ ఆంటోనియోకు ఫ్రాన్స్ కుర్రాడు వెంబన్‌యామా దొరికాడు. 2025 జనవరిలో అతన్ని పారిస్ తీసుకెళ్ళి, రెండు మ్యాచ్‌లు ఆడించి, టికెట్లు అమ్ముకుని, మళ్ళీ వెంట తెచ్చేసుకున్నారు. కోడలిని పండక్కి పుట్టింటికి పంపినట్టు, తిరుగు టికెట్ ముందే కొని.

అవునండీ, 60 మ్యాచ్‌లు ఓడితే బహుమతే. మీ తూర్పు ఒడ్డున చాలా దేశాల లీగుల్లో అడుగున పడ్డ జట్టును కింది డివిజన్‌కు దింపేస్తారు. ఇక్కడ అడుగున పడితే వచ్చే ఏడాది ఆణిముత్యాన్ని ముందు ఏరుకునే ఛాన్సు పెరుగుతుంది. ఈ రెండు ఒడ్లనూ ఒకే లీగ్‌లో కూర్చోబెట్టాలంటే, జట్టు యజమానుల్లో ఎవరో ఒకరు ‘ఓడితే మేమూ దిగుతాం’ అనాలి. ఆ మాట నోటి నుంచి వచ్చే లోపు మీరే ఎండిపోతారు.

పోటీ పెట్టి చూడలేదా అంటే, పెట్టారు. 1987 నుంచి 1999 దాకా మెక్‌డొనాల్డ్స్ పేరు మీద ఎన్‌బీఏ జట్లు విదేశీ జట్లతో ఒక టోర్నమెంట్ ఆడాయి. పెట్టిన ప్రతిసారీ ఎన్‌బీఏ జట్టే గెలిచింది. తర్వాత మానేశారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో అమెరికా ఓడిపోయింది. దుకాణం ఎప్పుడు కట్టేయాలో తెలియడం కూడా ఒక విద్యే.

ఇప్పుడు కొత్త ఐడియా. యూరప్‌లో వేరే లీగ్ పెట్టే ఆలోచనలో ఉన్నామని 2025 మార్చిలో ఎన్‌బీఏ, ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా కలిసి చెప్పాయి. ఆఫ్రికాలో 2021లో రువాండా రాజధాని కిగాలీలో మొదలుపెట్టిన లీగ్ ఎలాగూ ఉంది. ఖండానికో బ్రాంచి. అక్కడివాళ్ళు అక్కడే ఆడుకుంటారు, మీ జోలికి ఎవరూ రారు. యూరప్‌లో ఇప్పటికే యూరోలీగ్ ఉంది కదా అంటారా? అది మీరూ మీరూ తేల్చుకోండి, తీరం మీదే కదా.

ఇంత గొడవ లేకుండా నాదొక చిన్న సలహా. మీ నడుమ ఉన్న కొండల వరస ఐస్‌లాండ్‌లో నేల మీదికి వస్తుందని చదివాను. ఉత్తర అమెరికా ఫలకం ఒక పక్క, యురేషియా ఫలకం ఇంకో పక్క, మధ్యలో బీట. సరిగ్గా ఆ బీట మీద కోర్టు వేద్దాం. ఒక బాస్కెట్ అటు, ఒకటి ఇటు. ఎవరూ పూర్తిగా మిమ్మల్ని దాటక్కర్లేదు, అందరికీ సగం సగం జెట్‌లాగ్. కొలత దగ్గర పేచీ వస్తుందనుకోండి. ఫిబా కోర్టు పొడవు 28 మీటర్లు, ఎన్‌బీఏది 28.65. వీళ్ళు తగ్గరు, వాళ్ళు పెంచరు. ఏం పర్లేదు, ఫిబా కొలతతో మొదలుపెడదాం. ఐస్‌లాండ్ దగ్గర మీరు ఏటా ఓ రెండు సెంటీమీటర్లు జరుగుతారు కాబట్టి, ఎవరూ రాజీపడకుండానే 32, 33 ఏళ్ళలో అది ఎన్‌బీఏ కోర్టు అయిపోతుంది. షెడ్యూల్ తేలడానికి కూడా అంతే పట్టొచ్చు.

జవాబు రాసేటప్పుడు టైము ఏ ఒడ్డుదో స్పష్టంగా రాయండి. ఇప్పటికే రెండు మ్యాచ్‌లు మిస్సయ్యాను.

ఇట్లు,
దిండు కొరుక్కునే బాపతు అభిమాని